మేనమామ అమ్మే లారీ కొనే ముందు ఇంజన్ చూపించమని అడగొచ్చా?

చీపురుపల్లి ప్రాంతం నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. ఆమె భర్త చాలా ఏళ్లుగా వేరేవాళ్ల టిప్పర్ల మీద డ్రైవరుగా చేస్తున్నారు. సొంత బండి ఉండాలని ఆయన కోరిక. ఇప్పుడు ఆమె మేనమామ, అంటే అమ్మకి సొంత తమ్ముడు, టెక్కలి దగ్గర క్వారీకీ క్రషర్‌కీ తిప్పే పది టైర్ల టిప్పర్‌ని అమ్మేద్దామనుకుంటున్నారు. కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగంలో కుదురుకున్నాడు, డ్రైవర్లు నిలవడం లేదు, ఆయనకీ ఓపిక తగ్గింది. 2018లో రిజిస్ట్రేషన్ అయిన, బీఎస్-4 కాలుష్య ప్రమాణాల బండి, ఏపీ 30 నంబరు. మీటరు మీద 3,40,000 కిలోమీటర్లు ఉంది. బయటివాళ్లకి 15 లక్షలు చెబుతున్నారట, మనవాళ్లు కాబట్టి 13.5 లక్షలకి ఇస్తానన్నారు. తొమ్మిది లక్షలు ఫైనాన్స్, 36 నెలలు, నెలకి 31,200. మిగతా నాలుగున్నర లక్షల్లో లక్ష చీటీ డబ్బు, మూడున్నర లక్షలు ఈమె బంగారం తాకట్టు పెట్టి తేవాలి.

ఆమె భయం ఎక్కడ మొదలైందంటే, సంక్రాంతికి మేనమామ ఇంట్లో ఉన్నప్పుడు పొద్దున్నే క్లీనర్ కుర్రాడు రేడియేటర్‌లో నీళ్లు పోయడం చూశారు. "రోజూ పోస్తావా?" అంటే "రోజూ పొయ్యాల్సిందే అక్కా" అన్నాడు. స్టార్ట్ చేయగానే తెల్లటి పొగ వచ్చింది. చలికాలం పొద్దున్న ఏ బండైనా ఇంతే అని మేనమామ అన్నారు. ఛాసిస్‌కి కొత్తగా నల్లరంగు వేసి ఉంది. రెండేళ్ల క్రితం ఇంజన్ పని చేయించానంటారు గానీ బిల్లులు ఎక్కడో ఉంటాయంటారు. పాత లోను తీరిపోయిందంటారు గానీ ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉంది. భర్త రెండుసార్లు బండి చూడ్డానికి వెళ్లారు, రెండుసార్లూ ఇంజన్ అప్పటికే ఆన్‌లో ఉంది. మెకానిక్‌ని తీసుకొస్తానని ఆయన మొహమాటపడుతూ అడిగితే "ఏటల్లుడూ, నా మీద నమ్మకం లేదేటి?" అన్నారట మేనమామ. ఆయన ఇంకేం మాట్లాడలేకపోయారు. "మా తమ్ముడు నీకు అన్యాయం చేస్తాడా" అని అమ్మ కోపం. "బంగారం ఇవ్వనంటే మా ఆయన చిన్నబుచ్చుకుంటారు. ఇస్తే నాకు నిద్ర పట్టదు. నాకు లారీల గురించి ఏమీ తెలీదు. ఇంజన్ మంచిదో కాదో తెలుసుకునే మార్గం ఉందా? అడిగితే బంధుత్వం చెడుతుందా?" ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, లారీల గురించి ఏమీ తెలీదని రాశారు గానీ, ఆ బండిలో అందరికంటే ముందు చూడాల్సిన సంగతి చూసింది మీరే. ఆ రోజూ నీళ్లు పోయడం గురించి ముందు చెప్పి, మిగతావి తర్వాత చెబుతాను.

చలికాలం పొద్దున్న డీజిల్ ఇంజన్ స్టార్ట్ చేస్తే కాసేపు తెల్లపొగ రావడం మామూలే. మీ మేనమామ చెప్పిన మాటలో అంతవరకు అబద్ధం లేదు. ఇంజన్ నాలుగైదు నిమిషాలు తిరిగి వేడెక్కాక ఆ పొగ ఆగిపోవాలి. ఆగకపోతే కాలని డీజిల్ అయినా అయి ఉండాలి, నీటి ఆవిరైనా అయి ఉండాలి. దానికి రోజూ నీళ్లు పోయడం తోడైతే మాత్రం వదిలేయకూడదు. రేడియేటర్‌లో నీళ్లు మూసి ఉన్న దారిలోనే తిరుగుతాయి. మంచి బండికి నెలల తరబడి నీళ్లు పోయాల్సిన అవసరం రాదు. రోజూ పోస్తున్నారంటే రోజూ ఎక్కడికో పోతున్నాయి.

ఎక్కడికి పోతున్నాయన్న దాని మీదే ఖర్చు ఆధారపడి ఉంటుంది. హోస్ పైపు, వాటర్ పంపు, రేడియేటర్ ట్యాంకు దగ్గర బయటికి కారుతుంటే చిన్న పని, రెండు రోజుల్లో అయిపోతుంది. ఇంజన్ పైభాగం, అంటే హెడ్ కింద సీలులా ఉండే గ్యాస్కెట్ పోయో, హెడ్ పగిలో నీళ్లు సిలిండర్‌లోకి దిగుతుంటే పెద్ద పని. నీళ్లు ఆయిల్‌లో కలుస్తుంటే ఇంకా పెద్దది, బేరింగులు కూడా పోతాయి. ఇంకో దారి ఉంది. 2018 నాటి బీఎస్-4 బండ్లలో కొన్ని కంపెనీలు పొగలో కాలుష్యం తగ్గించే యూరియా ద్రవానికి ట్యాంకు పెట్టాయి, కొన్ని పొగలో కొంత భాగాన్ని చల్లార్చి మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ పద్ధతి పెట్టాయి. మీది రెండో రకమైతే ఆ ఈజీఆర్ కూలర్ లోపల చిల్లిపడినా నీళ్లు తగ్గుతాయి, తెల్లపొగ వస్తుంది. ఇంజన్ విప్పక్కర్లేదు, కూలర్ మారిస్తే సరిపోతుంది. కాబట్టి నీళ్లు తగ్గుతున్నాయని తెలియగానే బండి వద్దనుకోవడం కూడా తొందరపాటే. కారణం తెలియకుండా ధర ఒప్పుకోవడం మాత్రం అంతకంటే పెద్ద తొందరపాటు.

కారణం తెలుసుకోవాలంటే చల్లటి ఇంజన్ కావాలి. మీ భర్త వెళ్లిన రెండుసార్లూ ఇంజన్ ఆన్‌లో ఉందన్నారు. కావాలని చేశారని నేననను, క్వారీ బండి పొద్దున్న ఆరింటికే కదిలిపోతుంది. ఈసారి ముందు రోజే ఫోన్ చేసి, "మావయ్యా, రేపు మేమొచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దు" అని చెప్పండి. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడాలి. చల్లగా ఉంటేనే పని మొదలుపెట్టాలి. వేడిగా ఉంటే టీ తాగి వచ్చేయండి, ఇంకో రోజు వెళ్లొచ్చు. వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత ఎవరూ తీయకూడదు, మరిగే నీళ్లు ముఖం మీదకి ఎగజిమ్ముతాయి. ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

చల్లగా ఉన్నప్పుడు మూత తీసి లోపల చూడండి. నీళ్ల మీద నూనె తెట్టు ఉందా? పచ్చగానో ఎర్రగానో కూలెంట్ ఉందా, లేక తుప్పు రంగు బోరు నీళ్లా? ఏళ్ల తరబడి బోరు నీళ్లే పోస్తే లోపల చవుడు పేరుకుని, తుప్పు పట్టి, నీళ్ల దారులు సన్నబడతాయి. తర్వాత ఆయిల్ మట్టం చూసే పుల్ల, డిప్‌స్టిక్. ఆయిల్ నల్లగా ఉందని కంగారు పడకండి, డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కూడా త్వరగానే నల్లబడుతుంది. పాలు ఎక్కువైన టీలా కనబడితే నీళ్లు కలిసినట్టు. పై గీత దాటి ఉంటే నీళ్లో డీజిలో చేరుతున్నట్టు. ఇప్పుడు స్టార్ట్ చేసి, రేడియేటర్ మూత తీసే ఉంచి, రేజ్ చేసేటప్పుడు నీళ్లలోకి చూడండి. బుడగలు ఆగకుండా వస్తుంటే సిలిండర్‌లోని గ్యాస్ నీళ్లలోకి వస్తోందన్నమాట. ఇంజన్ వేడెక్కకముందే ఈ పరీక్ష ముగించి మూత పెట్టేయాలి.

ఇక ఇంజన్ బోరుకొచ్చిందా, అంటే లోపల అరిగి విప్పి బాగుచేసే దశకొచ్చిందా లేదా అన్నది. మీ ఆయనకి ఇది తెలిసే ఉంటుంది, అయినా రాస్తున్నాను, మీరు పక్కన నిలబడి చూడొచ్చు. ఇంజన్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత తీసి, దాన్నే తిరగేసి ఆ నోటి మీద ఊరికే పెట్టాలి. కొంచెం అదిరి అక్కడే ఉంటే ఫరవాలేదు. ఎగిరి పడుతూ, లోపలి నుంచి పొగ గుప్పుగుప్పుమని వస్తుంటే మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అంటారు. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, సిలిండర్ లోపలి గొట్టాల్లాంటి లైనర్లు అరిగిపోయి, సిలిండర్లో ఉండాల్సిన గ్యాస్ కిందికి దిగుతోందన్నమాట. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, రింగుల వల్ల కావచ్చు, ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో సీలు వల్లా కావచ్చు. నల్లపొగకి చాలాసార్లు కారణం ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడమో, ఇంజెక్టర్లు పాడవడమో అయి ఉంటుంది. ఫిల్టరైతే తక్కువలో పోయే రోగమే. ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్ ముల్లు ఎక్కడుందో చూడాలి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక బాగా పడిపోతే బేరింగులు అరిగాయనుకోవాలి. ఆ కంపెనీ బండికి ఎంత ఉండాలో మెకానిక్‌కి తెలుస్తుంది.

క్రషర్‌లో తిరిగిన బండికి నేను తప్పకుండా చూడమనేది ఇంకోటుంది. ఎయిర్ ఫిల్టర్‌కీ టర్బోకీ మధ్య లావుపాటి రబ్బరు పైపు ఉంటుంది. దాని క్లిప్పు వదులు చేసి, ఫిల్టర్ దాటాక ఉన్న గొట్టం లోపల వేలు పెట్టి తుడవాలి. వేలు శుభ్రంగా రావాలి. రాతిపొడి అంటుకుంటే ఆ ఇంజన్ ఇన్నాళ్లూ రాతిపొడి మింగిందన్నమాటే. అలాంటి బండికి రెండేళ్ల క్రితం కొత్త రింగులు, లైనర్లు వేయించినా అవి మళ్లీ అరగడానికి ఎంతోకాలం పట్టదు. పైపు ఊడదీశారు కాబట్టి ఇంజన్ ఆఫ్‌లో ఉండగానే టర్బో చక్రం ఇరుసుని రెండు వేళ్లతో ముందుకీ వెనక్కీ లాగి చూడొచ్చు. ముందువెనకలుగా కదలకూడదు. పక్కలకి కొద్దిగా ఆడినా, రెక్కలు చుట్టూ గోడకి రాసుకోకూడదు.

ఆయిల్ ఫిల్టర్ కూడా చాలా చెబుతుంది. కొత్త ఫిల్టర్, కొత్త ఆయిల్ ఖర్చు మేమే పెట్టుకుంటామని మేనమామతో చెప్పండి, ఎవరూ కాదనరు. పాత ఫిల్టర్‌ని మెకానిక్ చేత కోయించి, లోపలి కాగితం మడతల్ని విప్పి, ఆయిల్ పిండేసి ఎండలో చూడండి. మసి ఉంటే మామూలే. బంగారు రంగు, వెండి రంగు రవ్వలు మెరుస్తుంటే బేరింగు లోహం రాలుతోందని అర్థం. ఫిల్టర్ ఈ మధ్యే మార్చి ఉంటే ఈ పరీక్ష వల్ల పెద్దగా ఏమీ తెలియదు. అందుకని ఎప్పుడు మార్చారో ముందు అడగండి.

మీటరు మీది 3,40,000ని మరీ నమ్మొద్దు, అలాగని భయపడొద్దు. టిప్పర్‌కి కిలోమీటర్ల కంటే గంటలు ముఖ్యం. లోడు కోసం లైన్లో నిలబడ్డప్పుడు, తొట్టి లేపేటప్పుడు ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, మీటరు మాత్రం కదలదు. సగటున గంటకి 25 కిలోమీటర్లు వేసుకున్నా ఇది 13,600 గంటలు తిరిగిన ఇంజన్. బీఎస్-4 బండి కాబట్టి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెడితే ఇంజన్ కంప్యూటర్ ఈసీఎమ్‌లో ఇంజన్ మొత్తం గంటలు, నమోదైన లోపాల కోడ్‌లు కనబడతాయి. మీది యూరియా ట్యాంకు ఉన్న రకమైతే, ఖర్చు తగ్గుతుందని కొందరు ఆ సిస్టమ్‌ని బైపాస్ చేయిస్తారు. అది కూడా అక్కడే బయటపడుతుంది. మళ్లీ మామూలు చేయించడం ఖర్చుతో కూడిన పని. దాన్ని అలాగే వదిలేస్తే పొల్యూషన్, ఫిట్‌నెస్ పరీక్షల దగ్గర చిక్కు.

ఛాసిస్ రంగు సంగతి. అమ్మే ముందు బండికి రంగు వేయడం తప్పేం కాదు, మీ మేనమామ బండి అందంగా కనబడాలనే వేయించి ఉండొచ్చు. అయితే రంగు కింద ఏముందో చూడాలి. టిప్పర్ ఛాసిస్ పగిలే చోట్లు తెలిసినవే: తొట్టి తిరిగే కీలు దగ్గర, వెనక కమాన్ కట్టల బ్రాకెట్ల దగ్గర, క్యాబిన్ వెనక. ఎగుడుదిగుడు నేల మీద తొట్టి లేపితే ఛాసిస్ మెలితిరుగుతుంది. టార్చిలైటు వేసి రంగు మీద సన్నటి గీత, రివెట్ల పక్కన తుప్పు చార, వెల్డింగ్ ఉబ్బు ఉన్నాయేమో చూడాలి. వెనక నిలబడి చూస్తే ఛాసిస్‌కి రెండు పక్కలా ఉండే పొడవాటి పట్టీలు రెండూ ఒకే వరసలో కనబడాలి. పగులుకి పైపైన వెల్డింగ్ చేసి రంగేసి ఉంటే, నా అభిప్రాయంలో ఆ బండి ఎంత చవకైనా వద్దు. ఇంజన్‌ని కొత్తది చేసుకోవచ్చు. ఛాసిస్ విషయంలో ఆ అవకాశం లేదు, పైగా ప్రాణాలతో పని. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ప్రింటు తీసి ఆర్‌సీతో పోల్చుకోవడం కూడా ఆ రోజే చేయండి. మధ్యలో ఇంజన్ మార్చి ఉంటే అక్కడే తెలిసిపోతుంది.

గేర్‌బాక్స్, క్రౌన్, క్లచ్, కింగ్ పిన్నులు, గాలి బ్రేకులు మీ ఆయనే చూసుకోగలరు, ఎన్నో ఏళ్ల అనుభవం ఉన్న చెయ్యి. టైర్లు మాత్రం లెక్క కట్టాలి. కొత్త రేడియల్ టైరు ఒక్కోటి ఇరవై వేలు దాటుతుంది. పదింటిలో ఆరు రీబటన్, అంటే పాత టైరు మీద కొత్త రబ్బరు అతికించినవి అయితే, ధర మాట్లాడేటప్పుడు ఆ తేడా లక్ష పైనే.

ఖాళీ బండి మీద చేసే ట్రయల్ వల్ల ఏమీ తేలదని కూడా చెప్పాలి. ఖాళీ టిప్పర్ ఎప్పుడూ బాగానే పరిగెడుతుంది. నేషనల్ హైవే మీద నరసన్నపేట దాకా వెళ్లి రావడం కూడా చదును దారే. అసలు పరీక్ష క్వారీలోనే ఉంది. గుంతలోంచి లోడుతో ర్యాంపు ఎక్కేటప్పుడు మీ ఆయన స్టీరింగ్ పట్టుకోవాలి. టెంపరేచర్ ముల్లు ఎంత దాకా పోయింది, పైకొచ్చాక ఎంతసేపట్లో దిగింది, క్లచ్ జారిందా, గేరు బయటికి తన్నిందా, పొగ రంగేంటి అని చూడాలి. ముందు రోజు సాయంత్రం నీళ్లు సరిగ్గా మట్టానికి నింపి గుర్తు పెట్టుకుని, ఆ రోజంతా లోడు తోలి, మర్నాడు పొద్దున్న చల్లటి ఇంజన్ మీద మళ్లీ చూడాలి. ఎంత తగ్గిందో గ్లాసు లెక్కన తెలుస్తుంది. క్లీనర్ కుర్రాడిని కూడా అడగండి, ఎప్పటి నుంచి పోస్తున్నాడో అతనికి బాగా తెలుసు. మీరు అడిగిన సంగతి మాత్రం మీ మేనమామ దగ్గర చెప్పకండి, కుర్రాడి పని పోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు, మాట ఎలా అడగాలన్నది. మీ ఇంట్లో అందరూ ఈ సంగతిని మేనమామ మంచివాడా కాదా అన్న ప్రశ్నగా చూస్తున్నారు. అందుకే అందరికీ గొంతు పట్టుకుపోయింది. ఆయన మంచివాడే అనుకుందాం. డ్రైవర్ల మీద వదిలేసి నడిపిన యజమానికి తన ఇంజన్ లోపల ఏముందో నిజంగా తెలియకపోవచ్చు. రెండేళ్ల క్రితం పని చేసిన మెకానిక్ ఏ కిట్ (ఇంజన్‌లో మార్చే సామాను సెట్టు) వేశాడో, పాత లైనర్లకే కొత్త రింగులు తొడిగాడేమో ఆయన చూసి ఉండరు. బిల్లులు దొరకనిది కూడా అందుకేనేమో. అంటే మీరు పరీక్షించేది ఆయనకీ తెలియని సంగతిని.

ఈ మాట అల్లుడు అంటే గౌరవం సమస్య వస్తుంది. మేనకోడలు అంటే రాదు. మీరే వెళ్లి అడగండి. ఫైనాన్స్ వాళ్లు అడిగారని సాకు చెప్పొద్దు, తర్వాత తెలిస్తే నిజంగానే బాధపడతారు. పైగా ఫైనాన్స్ వాల్యుయేషన్ అంటే ఫొటోలు, నంబర్లు చూడటమే, ఇంజన్ మూత తీసి చూసేవాళ్లు అరుదు. ఉన్నదున్నట్టు చెప్పండి: "మావయ్యా, నా బంగారం పెడుతున్నాను. ఒకసారి చూపించుకుంటే నా భయం పోతుంది. ఏదైనా పని ఉందని తేలితే నువ్వూ నేనూ కూర్చుని మాట్లాడుకుందాం. రేపు రోడ్డు మీద బండి ఆగిపోయాక మాట్లాడుకోవడం కంటే అది మేలు కదా." మెకానిక్‌ని మేనమామ తరఫు నుంచి కాకుండా మీరే తెచ్చుకోండి. విజయనగరంలో గానీ సాలూరులో గానీ ఆ కంపెనీ ఇంజన్లు విప్పిన మనిషి కావాలి. సాలూరు లారీల ఊరు, అక్కడ పని తెలిసినవాళ్లకి కొదవ లేదు. బండి కొన్నా కొనకపోయినా అతని రోజు కూలీ ఇంత అని ముందే మాట్లాడి ఇచ్చేయండి. బేరం కుదిరితే కమీషన్ అన్నవాడి మాట నమ్మలేం.

పరీక్ష అయ్యాక మీ ముందు దారులు కొన్ని ఉంటాయి. అన్నీ బాగుండి, నీళ్లు పోయేది హోస్ పైపులోంచే అని తేలితే, 13.5 లక్షలకి తీసుకోవడంలో నాకు తప్పు కనబడదు. కాకపోతే మీ లెక్కలో ఒక లోటుంది, దాని గురించి కింద చెబుతాను.

ఇంజన్‌కి పెద్ద రిపేరు ఉందని తేలితే రెండు పద్ధతులు. మేనమామే బాగు చేయించి ఇవ్వడం ఒకటి, ఎస్టిమేట్ రాయించి అంత ధర తగ్గించుకోవడం ఇంకోటి. నేను రెండోదే మేలంటాను. అమ్మేసే బండికి ఎవరైనా తక్కువలో అయ్యే కిట్టే వేయిస్తారు, అది మనిషి స్వభావం. మీరే చేయించుకుంటే మంచి సామాను వేయించుకోవచ్చు, బిల్లులు మీ దగ్గరే ఉంటాయి. ఇబ్బందేంటంటే బండి కొన్న మొదటి నెలే షెడ్డులో ఉంటుంది, కిస్తీ మాత్రం ఆగదు. ఇంజన్ విప్పాక ఎస్టిమేట్ పెరగడం కూడా మామూలే. అందుకని తగ్గించిన ధరతో పాటు కొంత సొమ్ము మూడు నెలల తర్వాత ఇచ్చేలా కాగితం మీద రాసుకోవచ్చు. బంధువుల మధ్య కాగితమేంటని అంటారు. కాగితం ఉంటేనే తర్వాత ఎవరి జ్ఞాపకం నిజమన్న గొడవ రాదు.

నాకు అన్నిటికంటే నచ్చిన దారి వేరే ఉంది. అది మీ బంధుత్వం వల్లే సాధ్యం. బయటి మనిషి బండైతే ఒక గంట ట్రయల్ ఇస్తాడు. మీ మేనమామని ఒక నెల అడగండి. ఎలాగూ ఆయనకి డ్రైవర్లు దొరకడం లేదు. మీ ఆయన ఆ నెల ఆ బండినే ఆయన తరఫున, జీతానికో రాబడిలో వాటాకో తోలాలి. బండి, బీమా ఆయన పేరనే ఉంటాయి, హెవీ లైసెన్సు మీ ఆయనకి ఉంది. నెల తిరిగేసరికి లీటరుకి ఎన్ని కిలోమీటర్లు వస్తోంది, ఆయిల్ ఎంత తాగుతోంది, నీళ్లు ఎక్కడికి పోతున్నాయి, నెలకి చేతికి ఎంత మిగులుతోంది, అన్నీ లెక్కపుస్తకంలో ఉంటాయి. మేనమామకి ఆ నెల బండి ఆగదు, ఆదాయం వస్తుంది. దీనిలో నష్టం ఒక్కటే: ఈలోగా 15 లక్షలకి వేరే బేరం వస్తే ఆయన ఇచ్చేయొచ్చు. ఆ భయం ఉంటే చిన్న అడ్వాన్సు ఇచ్చి, పరీక్షలో బాగోకపోతే వాపసు అని రాసుకోండి. మీ ఆయన ఇప్పుడు పని చేసే యజమానికి ముందే చెప్పి సెలవు తీసుకోవాలి, లేకపోతే రెండిటికీ చెడే ప్రమాదం ఉంది.

బండి వద్దనుకునే దారి కూడా ఉంది. వద్దనుకుంటే మీ మేనమామకి కొన్నాళ్లు కష్టంగా ఉండొచ్చు. చెడ్డ ఇంజన్‌తో కొని, ప్రతి నెలా కిస్తీ కట్టేటప్పుడు ఆయన్ని తలుచుకోవడంతో పోలిస్తే ఆ కష్టం చిన్నది.

లెక్కలో లోటు అన్నాను. మీ దగ్గరున్న నాలుగున్నర లక్షలూ బండి ధరకే పోతున్నాయి, చేతిలో రూపాయి ఉండటం లేదు. కిస్తీ 31,200. బంగారం మీద నూటికి నెలకి రూపాయి వడ్డీ అనుకున్నా 3,500. 20 నుంచి 40 టన్నుల లోపు సరుకు వాహనానికి బీమాలో థర్డ్ పార్టీ ప్రీమియం ఒక్కటే 2022లో పెట్టిన రేటు ప్రకారం ఏడాదికి 43,950, పన్ను కాక, అంటే నెలకి 3,660 పైన. మొత్తం 38,000 దాటింది, ఇంకా డీజిల్, మూడు నెలల ట్యాక్సు, టైర్లు, మామూలు రిపేర్లు లెక్కలోకి రాలేదు. మీ ఆయనకి ఇప్పుడు నెలనెలా వచ్చే జీతం కూడా ఆగిపోతుంది. భోగాపురం ఎయిర్‌పోర్టు వైపు పనులు దొరుకుతాయని ఆయన అనుకుంటున్నట్టు రాశారు. ప్రాజెక్టు పనిలో లోడ్లు బాగా ఉంటాయి, బిల్లులు మాత్రం నెలలు ఆలస్యమవుతాయి, పని అయిపోయాక ఆ చుట్టుపక్కల టిప్పర్లన్నీ ఒకేసారి ఖాళీ అవుతాయి. కనీసం మూడు కిస్తీలకీ ఒక మోస్తరు రిపేరుకీ సరిపడా డబ్బు పక్కన లేకుండా బండి కొనొద్దని నా గట్టి మాట. బంగారం మొత్తం బండి ధరకి పెట్టేయకుండా, సగం రిపేర్ల నిధి కింద ఉంచుకుని, ఆ మేరకు ధర తగ్గించమనో, మిగతాది వాయిదాల్లో ఇస్తామనో మేనమామని అడగడం ఒక పద్ధతి. బంగారం ఇవ్వనని కాకుండా ఇలా చెబితే మీ ఆయన కూడా చిన్నబుచ్చుకోరు. మీరూ ఆయన పక్కన నిలబడే మాట్లాడుతున్నారు కదా.

కాగితాల పని మిగిలింది. లోను తీరినా ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు తీయించకపోతే మీ పేరు మీదకి మారదు. ఫైనాన్స్ కంపెనీ నుంచి అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీతో పాటు, ఆర్‌సీలో వాళ్ల పేరు తీసేయడానికి ఇచ్చే ఫారం 35 మేనమామ తెప్పించుకోవాలి. అది చేతికొచ్చేదాకా పెద్ద మొత్తం ఇవ్వకండి. బండి నంబరు కొట్టి రవాణా శాఖ వాహన్ వెబ్‌సైట్‌లో ఫిట్‌నెస్, బీమా, ట్యాక్సు గడువులు, ఈ-చలానాల సైట్‌లో పాత జరిమానాలు చూసుకోండి. క్వారీ బండి కదా, మైనింగ్ శాఖ కేసులు గానీ ఓవర్‌లోడ్ కేసులు గానీ ఉన్నాయేమో సూటిగా అడగండి. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడ్‌కి జరిమానా 20,000, ఎక్కువైన ప్రతి టన్నుకి మరో 2,000. ఆర్‌సీలో మొత్తం బరువు ఎంత రాసి ఉందో కూడా చూడండి. పది టైర్ల బండ్లకి 2018 జూలైలో పరిమితిని 25 నుంచి 28.5 టన్నులకి పెంచారు. మీది ఆ సంవత్సరపు బండే కాబట్టి ఆర్‌సీలో ఏది ఉందన్న దాని మీద లోడుకి మూడున్నర టన్నుల తేడా వస్తుంది, రాబడి లెక్క అంతా మారిపోతుంది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి, మీ బండి ఆ హద్దు దగ్గరే ఉంది.

బేరం కుదిరిన రోజే ఫారం 29, 30 మీద సంతకాలు చేయించుకుని, ఆలస్యం చేయకుండా పేరు మార్పుకి పెట్టండి. బీమా మీ పేరు మీదకి మార్చమని 14 రోజుల్లోగా కంపెనీకి దరఖాస్తు ఇవ్వాలి, లేకపోతే బండికి జరిగిన నష్టం క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు. బండి చేతికి తీసుకునేటప్పుడు డెలివరీ నోటు మీద తేదీతో పాటు టైమ్ కూడా రాయించి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఆ టైమ్‌కి ముందు పడిన చలానాలు ఎవరివో, తర్వాత పడినవి ఎవరివో దాంతో తేలిపోతుంది.